రచయిత కంటే ముందు పుస్తకం రావాలి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే పుస్తకాలకు కొదవ ఉండదు. గ్రూప్స్ గైడ్లు, డీఎస్సీ మెటీరియల్, కానిస్టేబుల్ పరీక్షల పాత ప్రశ్నపత్రాలు, నెలనెలా వచ్చే కరెంట్ అఫైర్స్ పత్రికలు కనబడతాయి. ఇది కోచింగ్ సెంటర్ల పేట. ఉద్యోగం కోసం చదివేవాళ్లకు కావలసిందల్లా ఇక్కడ దొరుకుతుంది. ఎనిమిదేళ్ల పాపకు ఒక తెలుగు బొమ్మల కథల పుస్తకం కొనాలంటే మాత్రం కాస్త తిరగాలి.

పిల్లల కోసం రాసేవాళ్లు ఈ నగరంలో లేక కాదు. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగుకు సంబంధించి 2015లో చొక్కాపు వెంకటరమణ, 2020లో కన్నెగంటి అనసూయ, 2021లో దేవరాజు మహారాజు దాన్ని అందుకున్నారు. ముగ్గురూ హైదరాబాద్‌లో ఉంటూ రాసినవాళ్లే. పురస్కారాల దాకా రాకుండా, సొంత ఖర్చుతో ఒకటో రెండో పుస్తకాలు వేసుకున్న టీచర్లు, రిటైరైన ఉద్యోగులు ఇంకా ఎందరో ఉన్నారు. పిల్లల పుస్తకాలే పనిగా పెట్టుకున్న ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ తార్నాకలో ఉంది. ఎల్బీనగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా నాగోల్ వెళ్లి మెట్రో ఎక్కితే అయిదో స్టేషన్ తార్నాక.

చదివే పిల్లలకూ తక్కువ లేదు. మలక్‌పేట నుంచి వనస్థలిపురం దాకా ఏ కాలనీలోకి వెళ్లినా ఒక బడి ఉంటుంది. అనాథ పిల్లల కోసం నిజాం కాలంలో ఏర్పడిన విక్టోరియా మెమోరియల్ హోం దగ్గర నుంచి నిన్నమొన్న తెరిచిన కార్పొరేట్ స్కూళ్ల దాకా అన్ని రకాలవీ ఇక్కడ కనిపిస్తాయి.

రాసేవాళ్లు, ముద్రించేవాళ్లు, చదివేవాళ్లు అందరూ గంట ప్రయాణం దూరంలోనే ఉన్నారు. అయినా ఇక్కడి రచయిత పుస్తకం ఇక్కడి బడి అలమారలోకి సులువుగా చేరదు. చేరినా అన్నిసార్లూ పిల్లల చేతికి రాదు. ఎందుకని? ఈ దూరం తగ్గాలంటే ఎవరు ఎవరితో మాట్లాడాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

బడిలో లైబ్రరీ చూసేది ఎవరు?

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలని చెప్పింది. అందులో వార్తాపత్రికలు, పత్రికలు, అన్ని విషయాల మీద పుస్తకాలు ఉండాలి. కథల పుస్తకాలు కూడా ఉండాలని విడిగా పేర్కొంది. అయితే ఆ లైబ్రరీని నడిపే మనిషి గురించి చట్టం అనుబంధంలో మాట లేదు. గది ఉంది, అలమార ఉంది, మనిషి లేడు. చాలా బడుల పరిస్థితికి ఇదే మూలం.

అందుకే ‘బడి లైబ్రేరియన్’ అన్న మాటకు మన దగ్గర మూడు అర్థాలున్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో, గురుకులాల్లో, పెద్ద ప్రైవేటు స్కూళ్లలో గ్రంథాలయ శాస్త్రం చదివి ఆ ఉద్యోగంలో చేరినవాళ్లు ఉంటారు. మామూలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఎక్కువగా తెలుగు టీచరో మరొకరో పాఠాలు చెబుతూనే ఆ బాధ్యత కూడా చూస్తారు. ఇక చిన్న ప్రైవేటు స్కూళ్లలో అలమార తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లే లైబ్రేరియన్.

ముగ్గురి పనీ ఒక చోట మాత్రం కలుస్తుంది. వాళ్ల బల్ల మీద రెండు రిజిస్టర్లు ఉంటాయి. ఒకటి యాక్సెషన్ రిజిస్టరు (బడికి వచ్చిన ప్రతి పుస్తకానికి వరస సంఖ్య వేసి వివరాలు రాసేది). రెండోది ఇష్యూ రిజిస్టరు (ఏ పుస్తకం ఎవరు, ఎప్పుడు తీసుకెళ్లారో రాసేది). మొదటిది తనిఖీకి వచ్చిన అధికారికి ముఖ్యం. రెండోది రచయితకు ముఖ్యం. తన పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్లింది? ఏ తరగతి పిల్లలు తీసుకెళ్లారు? ఎన్ని రోజుల్లో తిరిగి ఇచ్చారు? ఈ సంగతి ఏ సమీక్షకుడూ చెప్పలేడు. ఆ రిజిస్టరు రాసే మనిషికి తెలుసు. కానీ ఆ మనిషిని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పుస్తకం నడిచే దారి

ఇప్పుడు అవతలి వైపు నుంచి చూద్దాం. పిల్లల రచయిత పుస్తకం వేయాలంటే చాలాసార్లు సొంత డబ్బే పెట్టాలి. అయిదు వందలో వెయ్యో కాపీలు వేస్తారు. బొమ్మలు రంగుల్లో ఉంటే ఖర్చు పెరుగుతుంది. తక్కువ కాపీలు వేస్తే ఒక్కో కాపీకి పడే ఖర్చు ఇంకా ఎక్కువ. రంగుల అచ్చుకు మిషన్ సిద్ధం చేసే ఖర్చు వంద కాపీలకైనా వెయ్యి కాపీలకైనా ఒకటే కదా.

లెక్క కోసం ఒక పుస్తకం వెల 100 రూపాయలు అనుకుందాం. అచ్చుకు 40 రూపాయలు అయిందనుకుందాం. పుస్తకాల పంపిణీదారు తన వాటాగా 40 తీసుకుంటే రచయితకు మిగిలేది 20. ఆ ఇరవైలోంచే రవాణా ఖర్చు, అమ్ముడుపోని కాపీల నష్టం పూడాలి. బొమ్మలు వేసిన చిత్రకారుడికి ఇవ్వాల్సిందీ అందులోంచే. అదే పుస్తకాన్ని రచయిత 20 శాతం తగ్గించి నేరుగా బడికి ఇస్తే 80 వస్తుంది. అచ్చు ఖర్చు పోను 40 మిగులుతుంది. బడికి 20 రూపాయలు కలిసొస్తాయి. ఇద్దరికీ లాభమే.

మరి అలా ఎందుకు జరగదు? ఇక్కడ బడి కష్టం కూడా అర్థం చేసుకోవాలి. ముప్పై మంది రచయితల దగ్గర తలా నాలుగు పుస్తకాలు కొంటే ముప్పై బిల్లులు అవుతాయి. ముప్పై ఫోన్లు, ముప్పై చెల్లింపులు. పైగా ఏ పుస్తకం ఏ తరగతికి పనికొస్తుందో తేల్చుకోవాలంటే అన్నీ చదవాలి. అంత తీరిక ఎవరికుంది? పుస్తకాల ప్యాకేజీ అమ్మేవాళ్లు వస్తే ఆ బాధ ఉండదు. ఒకటే పెట్టె, ఒకటే బిల్లు, ఒక్క సంతకం. పెట్టెలో ఏమున్నా పని అయిపోతుంది. ప్యాకేజీ గెలిచేది నాణ్యత వల్ల అనుకోనక్కర్లేదు. పని తగ్గించడం వల్ల గెలుస్తుంది.

డబ్బు మొత్తం కూడా పెద్దది కాదు. సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ బడులకు లైబ్రరీ గ్రాంటు (ఏటా పుస్తకాల కోసం ఇచ్చే సాయం) ఉంది. బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల వరకు మంజూరు చేసే వీలుంది. పుస్తకం సగటున 50 రూపాయలు అనుకుంటే ప్రాథమిక పాఠశాలకు వచ్చే 5,000తో వంద పుస్తకాలు వస్తాయి. వందే కాబట్టి ఏవి కొంటున్నామన్నది మరింత ముఖ్యం. అందులో నలభై పిల్లలు ముట్టుకోనివైతే ఆ ఏడాది గ్రాంటులో అయిదింట రెండు వంతులు అలమారలోనే ఉండిపోయినట్టు.

రచయితకూ బడికీ మధ్య తెగిన లంకె ఇదే. ఎంపిక చేసే చేతికి పిల్లల చదువు తెలియదు. పిల్లల చదువు తెలిసిన లైబ్రేరియన్‌కు ఎంపికలో మాట ఉండదు. ఇద్దరూ తెలియని రచయిత ఎవరి కోసం రాయాలో ఊహించుకుని రాస్తారు.

ఇప్పుడే ఎందుకు?

ఈ సంగతి కొత్తదేమీ కాదు. అయితే ఇటీవలి మూడు మార్పులు దాన్ని ముందుకు తెచ్చాయి.

మొదటిది, పత్రికల దారి మూసుకుపోవడం. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ దశాబ్దాల పాటు పిల్లల రచయితను నేరుగా ఇంటికి చేర్చింది. బడితో పని లేకుండానే కథ పిల్లవాడి చేతిలో పడేది. 2013 ప్రాంతంలో ఆ పత్రిక ఆగిపోయింది. అంతకుముందూ, ఆ తర్వాతా మరికొన్ని పిల్లల పత్రికలు ఆగిపోయాయి. పిల్లలందరూ ఒకచోట దొరికే స్థలం ఇక బడి ఒక్కటే.

రెండోది, తెలుగు చదివే పిల్లల తీరు మారడం. తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం చేసి అన్ని రకాల బడుల్లో తెలుగును తప్పనిసరి సబ్జెక్టు చేసింది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ స్కూళ్లు కూడా ఇందులోకి వస్తాయి. తెలుగు మీద అంత పట్టులేని పిల్లల కోసం మామూలు వాచకం ‘సింగిడి’కి బదులు తేలికైన ‘వెన్నెల’ వాచకం పెట్టాలని 2025లో నిర్ణయించింది. దీని అర్థం ఏమిటి? దిల్‌సుఖ్‌నగర్ ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఏడో తరగతి పిల్లవాడి ఆలోచన ఏడో తరగతి స్థాయిలో ఉంటుంది. తెలుగు చదవడం మాత్రం మూడో తరగతి స్థాయిలో ఉండొచ్చు. వాడికి చిన్నపిల్లల కథ ఇస్తే చిన్నతనం అనిపిస్తుంది. పెద్ద పుస్తకం ఇస్తే ఒత్తుల దగ్గరే ఆగిపోతాడు. పన్నెండేళ్ల పిల్లవాడి విషయాలు తేలిక తెలుగులో చెప్పే పుస్తకాలు కావాలి. అవి తక్కువ. ఎందుకు తక్కువంటే, అలాంటి పాఠకుడు ఉన్నాడని రచయితకు చెప్పినవాళ్లు లేరు.

మూడోది, ఉచితంగా దొరికే కథలు పెరగడం. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ‘స్టోరీవీవర్’ అనే వేదిక తెరిచింది. అక్కడి కథలు క్రియేటివ్ కామన్స్ (రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవడానికి ముందుగానే ఇచ్చే అనుమతి) కింద ఉంటాయి. తెలుగు కథలూ చాలా ఉన్నాయి. ఖర్చు లేకుండా కథలు దొరకడం మంచిదే. కాకపోతే వాటిలో చాలావరకు వేరే భాషల నుంచి వచ్చిన అనువాదాలు. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోతే, ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఏం మారిందో చెప్పే కథ బయటి నుంచి రాదు. దాన్ని ఇక్కడివాళ్లే రాయాలి.

భాష సంగతీ అంతే. ఎల్బీనగర్ విజయవాడ హైవే మొదట్లో ఉంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఈ కాలనీల నిండా ఉన్నాయి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరిది అంగీ, ఇంకొకరిది చొక్కా. ఒకరికి ఎండ్రికాయ, మరొకరికి పీత. ఈ పిల్లలకు ఏ మాట తెలుసో, ఏది తెలియదో ఇంట్లో కూర్చుని ఊహించలేం. తరగతిలో చదివి వినిపిస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

శాలువా సభ ఎందుకు చాలదు?

రచయితను బడికి పిలవడం ఇప్పటికీ ఉంది. ఎక్కువగా నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడు. ప్రార్థన తర్వాత పిల్లలందరినీ ఆటస్థలంలో కూర్చోబెడతారు. వేదిక మీద ఫ్లెక్సీ, మైకు. రచయిత చదువు గొప్పతనం గురించి మాట్లాడతారు. శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు. రచయిత తన పుస్తకాలు రెండు బడికి బహూకరిస్తారు. ఫొటో దిగుతారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అందరూ గౌరవంగానే చేస్తారు. కానీ ఫలితం ఏమిటో చూద్దాం. సభలో కూర్చున్న పిల్లల్లో ఆ రచయిత పుస్తకం చదివినవాళ్లు ఒక్కరూ ఉండరు. కాబట్టి అడగడానికి ప్రశ్న ఉండదు. ప్రశ్న లేకపోతే రచయితకు ఉపన్యాసం తప్ప దారి లేదు. మర్నాడు ఎవరికైనా ఆ పుస్తకం చదవాలనిపించినా ఉన్నవి రెండే కాపీలు. అవి కూడా హెడ్మాస్టర్ గదిలో అద్దాల బీరువాలో ఉండొచ్చు.

వరస తిరగేస్తే ఫలితం మారుతుంది. ముందు పుస్తకం రావాలి, తర్వాత రచయిత రావాలి. దీనికి మూడు వారాల గడువు చాలు.

మొదటి వారం ఒక పుస్తకం అయిదు కాపీలు బడికి చేరతాయి. లైబ్రేరియన్ ఒకే తరగతిని ఎంచుకుని, లైబ్రరీ పీరియడ్‌లో కొంత భాగం చదివి వినిపిస్తారు. కథ మధ్యలో ఆపేస్తారు. మిగతాది కావాలంటే కాపీ తీసుకెళ్లాలి. రెండో వారం కాపీలు చేతులు మారతాయి. అయిదు కాపీలు రెండేసి రోజులు ఇస్తే రెండు వారాల్లో ముప్పై మంది దాకా చదివేస్తారు. మూడో వారం పిల్లలు ప్రశ్నలు రాస్తారు. ఆ ప్రశ్నలు రచయితకు ముందే అందుతాయి. అప్పుడు రచయిత వస్తారు. ఆటస్థలంలోకి కాదు, ఆ ఒక్క తరగతిలోకి. నలభై నిమిషాలు.

చదివిన పిల్లలు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఆ కుక్కకు చివర్లో ఏమైంది? అమ్మాయి అబద్ధం చెప్పింది కదా, ఎందుకు శిక్ష పడలేదు? బొమ్మలో చీర ఎర్రది, కథలో పచ్చది అని రాశారేం? ఇలాంటి ప్రశ్నకు ఉపన్యాసం జవాబు కాదు. రచయిత తన పని గురించి మాట్లాడాలి. ఒక కథ ఎన్నిసార్లు తిరగరాశారో, ఏ వాక్యం తీసేశారో, బొమ్మలు వేసే వ్యక్తితో ఎక్కడ అభిప్రాయభేదం వచ్చిందో చెప్పాలి. పుస్తకం మనుషులు చేసే వస్తువని, తప్పులు దిద్దుకుంటూ చేస్తారని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. తమ నోటుబుక్కులో కొట్టివేతలు ఇక సిగ్గుపడేవిగా అనిపించవు.

రచయితకు దక్కేది కూడా తక్కువేం కాదు. ఎక్కడ నవ్వారో, ఏ పేజీ దగ్గర ఆగిపోయారో లైబ్రేరియన్ చెప్పగలరు. పుస్తకం వేయకముందే రాతప్రతి ఇచ్చి చదివించుకుంటే ఇంకా మేలు. ‘విద్యుచ్ఛక్తి’ అన్న చోట పిల్లలు తడబడ్డారని తెలిస్తే ‘కరెంటు’ అని మార్చడానికి ఖర్చు ఉండదు. వెయ్యి కాపీలు అచ్చయ్యాక తెలిస్తే చేయగలిగింది ఏమీ లేదు.

మన దగ్గరే ఉన్న పాఠం

పిల్లలకూ రచయితకూ మధ్య ఒక మనిషి నిలబడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా ఇంటింటికీ తెలుసు. వాళ్లు 1945లో ‘బాల’ పత్రిక మొదలుపెట్టారు. పెద్దలు రాసినవి పిల్లలకు ఇవ్వడంతో ఆగలేదు. పిల్లలు రాసి పంపినవి, గీసి పంపినవి అచ్చువేశారు. అలా ఆ పత్రికలో తొలి అడుగులు వేసినవాళ్లలో ముళ్లపూడి వెంకటరమణ, బాపు ఉన్నారు. తర్వాత ఆ ఇద్దరూ తెలుగు పిల్లలకు ‘బుడుగు’ను ఇచ్చారు.

ఇందులో పని చేసింది ఏమిటో గమనించాలి. ఉత్తరం పంపితే జవాబు వస్తుందన్న నమ్మకం. రాసింది ఎవరో చదువుతారన్న ఆశ. పత్రిక సంపాదకులు అప్పుడు చేసిన పనే ఇప్పుడు బడి లైబ్రేరియన్ చేయగలరు. పిల్లలను పేరుతో ఎరిగిన మనిషి, పుస్తకాలనూ పేరుతో ఎరిగిన మనిషి ఆయనే లేదా ఆమే.

బయటి దేశాల్లో దీన్ని ఒక ఏర్పాటుగా మార్చుకున్నారు. జర్మనీలో ఫ్రీడ్రిష్ బ్యోడెకర్ క్రైస్ అనే సంస్థ 1954లో మొదలైంది. పిల్లల రచయితలను బడులకూ లైబ్రరీలకూ పంపి చదివించడం దాని పని. నార్వే 2001లో ‘సాంస్కృతిక బడిసంచి’ అనే జాతీయ పథకం తెచ్చింది. రచయితలు, నటులు, సంగీతకారులు బడులకు వెళ్తారు, ఖర్చు ప్రభుత్వానిది. అదే దేశం 1965 నుంచి ఎంపికైన కొత్త పుస్తకాల కాపీలు ప్రభుత్వ డబ్బుతో కొని లైబ్రరీలకు పంచుతోంది. ఒకచోట రచయిత రాకకు డబ్బు, మరోచోట పుస్తకం రాకకు డబ్బు. రెండూ ఉన్నప్పుడే రెండూ పని చేస్తాయి.

మన దగ్గర కూడా అలాంటి డబ్బు అసలు లేదని చెప్పలేం. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు (లైబ్రరీల కోసం ఆస్తి పన్నుతో పాటు వసూలు చేసే అదనపు పన్ను) అందులో ఉంటుంది. ఆస్తి పన్నులో ఇది 8 శాతం. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది దీని మీదే. వాటి శాఖా గ్రంథాలయాలకూ పక్క వీధి బడికీ మధ్య మాట్లాడుకోవడం అలవాటైతే, ఒకే పుస్తకం ఇద్దరికీ పనికొస్తుంది.

ఒక ఏడాది ఎలా నడపొచ్చు?

పెద్ద పథకం కోసం ఎదురుచూడక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య పది బడులు కలిస్తే చాలు. తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. అక్కడి నుంచి లెక్క వేసుకోవచ్చు.

జూన్, జూలైలో జాబితా తయారవ్వాలి. ప్రతి రచయిత ఒక్కో పుస్తకానికి ఒక కాగితం నింపి ఇస్తారు. పేరు, వెల, పేజీలు, బొమ్మలు ఉన్నాయా, ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు, కథ దేని గురించి, ఎక్కడ దొరుకుతుంది. ఐఎస్‌బీఎన్ (ఒక్కో పుస్తకానికి ఇచ్చే 13 అంకెల గుర్తింపు సంఖ్య) ఉంటే అది కూడా. ఇది లేని పుస్తకాలు మన దగ్గర చాలా ఉన్నాయి. మన దేశంలో ఆ సంఖ్య ఉచితంగానే ఇస్తారు. కొత్త పుస్తకం వేసేవాళ్లు ముందే తీసుకోవడం మంచిది. జాబితాలో తరగతి స్థాయిని రచయిత మాట మీద వదిలేయకూడదు. ఇద్దరు లైబ్రేరియన్లు ఒక పేజీ పిల్లలతో చదివించి సరిచూడాలి. వాక్యంలో ఎన్ని మాటలున్నాయి, ఒత్తులు ఎంత దట్టంగా ఉన్నాయి, పేజీకి ఎన్ని వాక్యాలు అన్నవి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఆగస్టులో కొనుగోలు. ఇక్కడే పాత చిక్కు, ముప్పై బిల్లుల చిక్కు. దీనికి మార్గం ఒకే చోట బిల్లు చేయించుకోవడం. పది బడులు తమకు కావలసినవి రాసి ఇస్తే, ఒక ప్రచురణ సంస్థో పుస్తకాల దుకాణమో రచయితల దగ్గర కాపీలు తెప్పించి ఒక్క బిల్లుతో ఇస్తుంది. ఆ శ్రమకు కొంత వాటా తీసుకుంటుంది. అది న్యాయమే. నలభై శాతానికీ సున్నాకీ మధ్య ఇద్దరికీ సరిపోయే అంకె ఒకటి దొరుకుతుంది. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ లెక్క కూడా తేలికే.

కాపీల లెక్క కూడా చూద్దాం. ఒక పుస్తకం పది బడులకు అయిదేసి కాపీలు వెళ్తే యాభై. వెయ్యి కాపీలు వేసిన రచయితకు అది ఇరవయ్యో వంతు. అంత పెద్దదేమీ కాదు. అదే నలభై బడులైతే రెండు వందలు, అంటే అయిదో వంతు. ఇంటి అటక మీద దుమ్ము పట్టే కట్టలకూ రెండో పుస్తకం వేసే ధైర్యానికీ మధ్య తేడా అంతే ఉంటుంది.

సెప్టెంబర్, అక్టోబర్‌లో చదవడం. నవంబర్ 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. రచయితల రాక ఆ వారంలో పెట్టుకుంటే బడి క్యాలెండర్‌లో ఇమిడిపోతుంది. ఒకే రచయిత ఒక రోజు రెండు బడులు చూడొచ్చు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ మెట్రోలో రెండో స్టేషనే. డిసెంబర్ చుట్టూ హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఉంటుంది. తాము చదివిన రచయిత స్టాల్లో కనబడితే పిల్లలు ఆగుతారు, తల్లిదండ్రులను కూడా ఆపుతారు.

ఫిబ్రవరిలో, పరీక్షల హడావిడికి ముందు, ఇష్యూ రిజిస్టరు తిరగేయాలి. ఏ పుస్తకం ఎన్నిసార్లు వెళ్లిందో అంకెలు మాత్రం రాసి జాబితాకు కలపాలి. మరుసటి ఏడాది కొనుగోలుకు అదే ఆధారం.

కొన్ని జాగ్రత్తలు

ఈ ఏర్పాటు చెడిపోయే దారులు కూడా ఉన్నాయి. వాటిని ముందే తెలుసుకోవడం మంచిది.

రచయిత రాక అమ్మకాల శిబిరం కాకూడదు. పిల్లలందరూ కొనాలని చెబితే డబ్బు తేలేని పిల్ల ఆ రోజు బడికే రాదు. బడి కొన్న కాపీలు చాలు. ఇంటికి కొనుక్కోవడం ఇష్టమైతే జాబితా ఎలాగూ ఉంది.

దగ్గరి రచయిత కాబట్టి తీసుకోవాలన్న నియమం పెట్టుకోకూడదు. పుస్తకం బాగాలేకపోతే పక్క వీధి రచయితదైనా పక్కన పెట్టాలి. ప్రతి కథ చివర నీతి అతికించిన పుస్తకాలు ఎన్ని ఉన్నాయో లైబ్రేరియన్లకు తెలుసు. పిల్లలు ఆ చివరి పేరా చదవకుండా తిప్పేస్తారని కూడా తెలుసు. కనీసం ముగ్గురు కలిసి ఎంపిక చేస్తే మొహమాటానికి తావు తగ్గుతుంది.

రిజిస్టరులోని పిల్లల పేర్లు బయటికి వెళ్లకూడదు. రచయితకు అంకెలు చాలు. ఫలానా అమ్మాయి ఏం చదివిందన్నది ఆ అమ్మాయికీ లైబ్రేరియన్‌కీ మధ్య ఉండాలి. రచయిత ఉన్నంతసేపూ తరగతిలో టీచరు ఉండాలి.

రచయిత శ్రమకు కొంత పారితోషికం ఇవ్వాలి. ఒక పూట సమయం, ప్రయాణం, ముందస్తు తయారీ అన్నీ పని కిందకే వస్తాయి. డబ్బు ఎక్కడిది అంటే, ఫ్లెక్సీ, శాలువా, మెమెంటో, పూలదండల ఖర్చు ఒకసారి కూడి చూడండి. అందులోంచి అయిదు కాపీల ధర, బస్సు ఖర్చులు పోను పారితోషికానికి ఇంకొంత మిగలవచ్చు.

చివరిది, లైబ్రేరియన్ సమయం. పాఠాలు చెబుతూ లైబ్రరీ చూసే టీచరు మీద ఇది అదనపు బరువు కాకూడదు. వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్లో రాసి ఇస్తేనే ఇది నడుస్తుంది. రాసి ఇవ్వని పీరియడ్‌ను లెక్కల సిలబస్ తీసేసుకుంటుంది.

ఏం మారుతుంది?

ఇవన్నీ సవ్యంగా జరిగినా ఒక్క ఏడాదిలో గొప్ప మార్పు కనబడదు. పిల్లల మార్కులు పెరిగాయని ఎవరూ చూపించలేరు. అలా చూపించాలని అడగడం కూడా సరికాదు.

కనబడేది చిన్న సంగతి. ఇష్యూ రిజిస్టరులో ఒకే పుస్తకం పేరు కింద వరసగా కొత్త పేర్లు వస్తాయి. మొదటి పేరు లైబ్రేరియన్ చెబితే తీసుకున్న పిల్లది. రెండోది రచయిత వచ్చి వెళ్లాక తీసుకున్న పిల్లవాడిది. ఆరో పేరు ఎవరూ చెప్పకుండానే, పక్క బెంచీ పిల్లల మాట విని వచ్చినవాడిది. ఆ ఆరో పేరు కోసమే ఈ శ్రమ అంతా. ఆ సంగతి రచయితకు చేరాలంటే ఆ రిజిస్టరు రాసే మనిషికి ఒక ఫోన్ చేయాలి. ఆ ఫోన్ ముందు ఎవరు చేసినా ఫరవాలేదు.